ప్రోబు పట్టిన చెయ్యి

భద్రాచలం అడవి అంచు ఊళ్లలో వెదురు కొడుతూ కత్తి జారితే వేలి టెండన్, అంటే కండను ఎముకకు కలిపే తాడు, తెగొచ్చు. కుట్లు మానాక పైకి అంతా బాగానే ఉంటుంది. లోపలి సంగతి చెప్పేది అల్ట్రాసౌండ్ చేసే రేడియాలజిస్టు. మిషను గొప్పేమీ కాదు, చెయ్యి గొప్ప అంటాన్నేను. జెల్ రాసి, చర్మం మీద ఆనించే ప్రోబును నిటారుగా పట్టాలి. కాస్త వాలిందా, బాగున్న టెండన్ కూడా నల్లబడి దెబ్బతిన్నట్టే కనిపిస్తుంది. సరిగ్గా పడితే పడుగు దారాల్లా తెల్లటి సన్న గీతలు. మానుతున్నచోట అవి చెదిరి, ఉబ్బి ఉంటాయి. రక్తప్రవాహం చూపే డాప్లర్ పెడితే కొత్త రక్తనాళాలు రంగు చుక్కలై తేలతాయి. "ఏదీ, వేలు ముడువయ్యా" అనగానే టెండన్ సాఫీగా జారుతోందా, పక్క కణజాలానికి అతుక్కుందా అన్నది తెర మీదే తెలిసిపోతుంది. గీతలు మళ్లీ వరస కట్టడానికి నెలలు పడుతుంది, వాళ్లకు కూలి దొరికే తునికాకు కోత సీజనేమో ఎండల్లో కొన్ని వారాలే. పనికెప్పుడు పోవచ్చని అడిగేవాళ్లకు ఆ తెర చూపించే నచ్చజెప్పాలి.