గ్రంథచౌర్య నివారణ: నిబంధనలలోని ఒక లోపం

ఇతరుల రచనను తనదిగా చెప్పుకోవటం కొత్త దోషం కాదు. పూర్వం అందుకు గ్రంథాలయంలో కూర్చుని చేతితో ఎత్తి రాసుకోవలసి వచ్చేది. ఇంటర్నెట్ వచ్చిన తరువాత ఆ శ్రమ కూడా తప్పింది. దీనిని అరికట్టటానికి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018 లో నిబంధనలను ప్రకటించింది. వీటి ఉద్దేశం మంచిదే. కాని ఇవి వ్యాధి పుట్టే చోటును విడిచి, ముదిరిన చోట చికిత్సకు పూనుకొన్నాయి.

సిద్ధాంతగ్రంథానికి ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు వుంటే శిక్ష లేదు. 40 శాతం వరకు వుంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి సమర్పించాలి. 60 శాతం వరకు వుంటే ఒక సంవత్సరం పాటు సవరించిన ప్రతిని కూడా సమర్పించరాదు. అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అయితే అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు నివేదికలు, వ్యాసాలు, జవాబుపత్రాలు ఈ పరిధిలోకి రావని అందులోనే వున్నది. అనగా డిగ్రీ విద్యార్థి రాసేదంతా దాదాపు వెలుపలే. నిజాయితీ సూత్రాలను డిగ్రీ పాఠ్యప్రణాళికలో చేర్చమన్నారు, నిజమే. కాని పాఠం నేర్పినదానిని అలవాటు చెరిపివేస్తే ప్రయోజనమేమి?

ఇక శాతాన్ని కట్టే సాధనం సంగతి. అది రచనను చిన్న చిన్న పదబంధాలుగా విడగొట్టి, అవే వరుసలు ఇతర రచనలలో వున్నవేమో వెదకుతుంది. కనుక అది కొలిచేది మాటల పోలికనే గాని ఆలోచనను కాదు. మాటలు మార్చినవాడు తప్పించుకోవచ్చు. 2022 చివర నుంచి వాడుకలోకి వచ్చిన కృత్రిమమేధ రాసి ఇచ్చే వ్యాసానికైతే పోల్చటానికి మూలమే దొరకకపోవచ్చు.

అసలు వ్యాధి ప్రయోగశాలలోనే మొదలవుతుంది. లఘులోలకంతో గురుత్వ త్వరణం కనుగొనే ప్రయోగాన్ని తీసుకుందాం. తెలుగు ప్రాంతాలలో దీని విలువ సెకనుకు, సెకనుకు సుమారు 9.78 మీటర్లు. 9.81 అనేది మధ్య ఐరోపా అక్షాంశాలకు తగిన విలువ. కొలతలలో పొరపాట్లు సహజం కనుక ఒకరికో ఇద్దరికో 9.81 రావచ్చు. తరగతిలో నలభై మంది రికార్డులలోనూ అదే కనిపిస్తే మాత్రం అది లోలకం చెప్పిన విలువ కాదు, పుస్తకం చెప్పినది. ఇట్టి అంకెల నకలును మాటలు వెదికే సాధనం పట్టలేదు.

విద్యార్థి ఇలా ఎందుకు చేస్తాడు? "సరైన" విలువకే మార్కులు వేస్తున్నారు కనుక. అతడు కొలిచి 9.6 తెచ్చి నష్టపోతే, కొలవకుండా 9.81 రాసిన పక్కవాడు లాభపడుతున్నాడు.

కాబట్టి డిగ్రీ విద్యార్థికి కూడా శిక్షలు విధించటం మందు కాదు. ఒక్కొక్కరికి వేరువేరు లోలకపు పొడవులు ఇవ్వాలి. కొలతలు తీసిన నాడే ఆ పుట మీద అధ్యాపకుడు సంతకం చేయాలి. విలువకు గాక, అందులోని పొరపాటుకు కారణం చెప్పగలిగినందుకు మార్కులు వేయాలి. నివేదికపై ఐదు నిమిషాలు నోటిప్రశ్నలు అడగాలి. అధ్యాపకునికి ఇది అదనపు భారమే, సందేహం లేదు. కాని తాను కొలిచిన 9.6 ను సిగ్గుపడకుండా రాయగలిగిన విద్యార్థికి రేపు సిద్ధాంతగ్రంథంలో శాతాల భయం వుండదు.