ఘంటసాల పాట, చిన్న హాలు

ఫిబ్రవరి 11 దగ్గర పడిందంటే హైదరాబాదు చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభకు తీరిక ఉండదు. 1974లో ఘంటసాల వెంకటేశ్వరరావు కన్నుమూసింది ఆ రోజునే. డిసెంబరు 4న జయంతికీ ఇదే సందడి. వేదిక మీద దండ వేసిన ఫొటో, వెనక ఫ్లెక్సీ, ఒక కీబోర్డు, తబలా, రిథమ్ ప్యాడ్స్, ఫ్లూటు, ఇద్దరో ముగ్గురో గాయకులు. చాలావాటికి టికెట్టు ఉండదు కానీ సన్మానాలుంటాయి. ఆరింటికి అన్న పాట ఏడు దాటాక మొదలవుతుంది. శాలువాలన్నీ కప్పడం అయ్యాక వెళ్దామా అంటే అప్పటికి ముందు వరసలో కుర్చీ దొరకదు. చిన్న హాల్లో ఆ కుర్చీ వదులుకోకూడదు.

అక్కడ కూర్చుంటే పాట ఎలా తయారవుతోందో కంటికి కనబడుతుంది. కీబోర్డు మెట్టు నొక్కితే ఒకటే స్వరం పలుకుతుంది, గమకం రాదు. పాత రికార్డులో వీణో వయొలినో జారుతూ వాయించిన బిట్టు కావాలంటే కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి పిచ్ చక్రం మీద ఉండాలి. నాకిష్టమైన బృందంలో కీబోర్డు ఆయన ఆ చక్రాన్ని బొటనవేలితో వెంట్రుకవాసి కదుపుతారు. ఇంకాస్త కదిపితే స్వరం తూలిపోతుంది. తబలా ఆయన ముందు వేర్వేరు శ్రుతుల్లో కుడి తబలాలుంటాయి. ఘంటసాల పాటకొకటి, లీల, సుశీల పాటలకు మరొకటి. ప్రకటన చేసేవారు మాట్లాడుతున్నంతసేపూ ఆయన సుత్తితో చిన్నగా తట్టుకుంటూనే ఉంటారు.

ఇంత శ్రమా దేనికంటే, వచ్చినవాళ్లకు ఆ బిట్లన్నీ కంఠతా వచ్చు. పల్లవికి ముందు ఒక్క స్వరం మారినా మూడో వరసలో తల అడ్డంగా ఊగుతుంది.

అసలు పరీక్ష ‘శివశంకరీ’. 1961 నాటి ‘జగదేకవీరుని కథ’కు పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడలో కట్టిన పాట. చివర్లో వచ్చే స్వరాల జోరుకే చప్పట్లు పడతాయి గనుక చాలామంది అక్కడికి చేరాలని తొందరపడతారు. నన్నడిగితే కష్టమంతా మొదట్లోనే ఉంది. ఆ రాగంలో గాంధారాన్ని నింపాదిగా ఊపాలి. ఊపు వేగం కాస్త పెరిగినా దర్బారీ గాంభీర్యం పోతుంది. మా బృందం గాయకుడు అక్కడ కళ్లు మూసుకోడు, తబలా ఆయన చేతినే చూస్తాడు. ఆ చెయ్యి తొందరపడితే తానూ జారిపోతానని తెలుసు.

ఇక పద్యం. నాటకాల పద్యంలో రాగం సాగదీసి వన్స్‌మోర్ కొట్టించుకోవడం ఒక పద్ధతి. విజయనగరంలో శాస్త్రీయ సంగీతం నేర్చి వచ్చిన ఘంటసాల రాగాన్ని తగ్గించి మాటను ముందుకు తెచ్చారు. ఉత్పలమాలలోనో చంపకమాలలోనో పాదం చివర మాట సగానికి తెగుతుంటుంది. అక్కడ ఆగితే ఛందస్సు వినబడుతుంది, అర్థం తెగుతుంది. ఆయన ఆ మాటను కిందిపాదంలోకి ఒకే ఊపిరిలో దాటించి, అర్థం పూర్తయ్యాక ఆగుతారు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ చదువురాని వాళ్ల నోటికీ ఎక్కిందంటే ఆ విరుపు చలవే. వేదిక మీద పద్యం ఎత్తుకోగానే తబలా ఆగిపోతుంది. కీబోర్డు షడ్జం పట్టుకుని, గాయకుడు ఒక ముక్క పాడి వదిలాక దాన్నే మెల్లగా అనుసరిస్తుంది. పాడే మనిషి ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో చూస్తే చాలు, ఎంత సాధన చేశాడో తెలిసిపోతుంది.

అందుకే గొంతు బరువు చేసుకుని, మైకులో ఎకో పెంచుకుని అచ్చం ఘంటసాలలా వినిపించాలనుకునే వాళ్లు నాకు రుచించరు. అది మిమిక్రీ. ఆయనే ఎన్టీఆర్‌కు ఒకలా, అక్కినేనికి ఒకలా గొంతు మార్చుకున్నారు. ఏ గొంతును అనుకరిస్తారు? మా గాయకుడి గొంతు సన్నం, పోలికే లేదు. మాట విరుపు మాత్రం ఆయనదే.

ఈమధ్య వాద్యాలు తగ్గి కరోకే ట్రాకులొచ్చాయి. ఖర్చు కలిసొస్తుంది, కాదనను. పైగా మొహమాటం లేకుండా నలుగురు కొత్తవాళ్లు పాడగలుగుతున్నారు. కానీ ట్రాకు ఎవరి కోసమూ ఆగదు. గాయకుడు ఒక మాట మీద మనసుపడి అరక్షణం నిలిస్తే, తబలా ఆయన నవ్వి ఠేకా సర్దుకుంటాడు. ట్రాకు ముందుకెళ్లిపోతుంది.

సంగీత దర్శకుడిగా ఘంటసాల ఈ వేదికల మీద తక్కువగా వినబడతారు. ‘మాయాబజార్’ పాటల తర్వాత జాబితా పలచబడుతుంది. 1967లో వచ్చిన ‘రహస్యం’లో, మల్లాది రామకృష్ణశాస్త్రి రాసిన ‘గిరిజా కల్యాణం’ యక్షగానానికి చాలా గొంతులు కావాలి. చిన్న బృందాలు జోలికి పోకపోవడం సహజమే. మావాళ్లకు చీటీ పంపితే ప్రతిసారీ మడిచి జేబులో పెట్టుకుంటారు. ఈ డిసెంబరుకూ పంపుతాను.