పాఠశాల మంచిచెడ్డలకు కొలమానమేది?

కృష్ణకు వరద వచ్చినపుడు విజయవాడలో అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ప్రకాశం బారేజి వద్ద నీరు ఎంత ఉన్నది? 2024 సెప్టెంబరు మొదటివారంలో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినదన్నపుడు ఆ అంకెను ఎవరూ శంకించలేదు. దీనికి రెండు కారణాలున్నవి. గేజి మీది గీతలు ఏటేటా మారవు. నీరు పెరిగినా తగ్గినా దానిని చదివే ఉద్యోగికి సొంతలాభం గాని, నష్టం గాని లేదు. ఈ రెండు లక్షణాలూ లేని కొలత, అంకెలలో ఉన్నంతమాత్రాన శాస్త్రీయం కాజాలదు.

పాఠశాలలను బాధ్యులను చేయటానికి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన శాసన ప్రయత్నాలను ఈ దృష్టితో పరిశీలించవలసి ఉన్నది.

2019లో శాసనసభ పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ చట్టాన్ని ఆమోదించినది. హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షుడుగా ఉండే ఈ కమిషన్‌కు పాఠశాలలను తనిఖీ చేయటానికి, ఫీజులను క్రమపరచటానికి, విద్యా ప్రమాణాలను పర్యవేక్షించటానికి అధికారాలిచ్చినది. ఉద్దేశం మంచిదే. కాని ఆచరణలో ప్రజల దృష్టికి ముందుగా వచ్చినది ఫీజుల విషయం. ప్రైవేటు పాఠశాలల ఫీజులను నిర్ణయిస్తూ 2021 ఆగస్టులో ప్రభుత్వ ఉత్తర్వు వెలువడినది. అదే సంవత్సరం డిసెంబరులో హైకోర్టు దానిని కొట్టివేసినది. ఫీజును రూపాయలలో లెక్కించవచ్చును గనుక దానిమీది తగవు కూడా తేటగా ఉంటుంది. చదువును దేనితో లెక్కించాలి? తల్లిదండ్రులు, పత్రికలు, సమీక్షలు జరిపే అధికారులు అందరూ ఈ ప్రశ్నకు చూపే జవాబు ఒక్కటే: పదవతరగతి ఉత్తీర్ణతా శాతం.

ఈ కొలబద్ద ఎంత నిలకడయినదో చూడండి. రాష్ట్రంలో పదవతరగతి ఉత్తీర్ణత 2019లో 94.88 శాతం. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ కారణంగా పరీక్షలే జరుగలేదు. 2022లో ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయినది. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతంగా నమోదయినది. మూడేళ్ళలో రాష్ట్రంలోని పిల్లల తెలివి పాతిక శాతానికి పైగా తరిగిపోయి, మరి రెండేళ్ళలో చాలావరకు తిరిగి వచ్చినదని ఎవరయినా నమ్ముతారా?

బడులు మూతబడిన కాలంలో చదువు దెబ్బతిన్నమాట నిజమే. కాని కొలబద్ద కూడా మారినదని మరువరాదు. 2019లో 11 పేపర్లు ఉండేవి. ప్రతి సబ్జెక్టులోను 20 మార్కులు బడిలోనే వేసేవారు. తరువాత ఆ అంతర్గత మార్కులు పోయినవి. 2022లో పేపర్లు 7 అయినవి, 2023లో 6 అయినవి. ఒక ఏడు గజంతోను, మరుసటి ఏడు మీటరుతోను కొలిచి గుడ్డ పెరిగినదని గాని తరిగినదని గాని చెప్పటం ఎటువంటిదో, ఈ శాతాలను పక్కపక్కన పెట్టి బడులను మెచ్చుకొనటం, నిందించటం అటువంటిదే.

ఇక రెండవ లక్షణం. కొలిచేవానికే కొలతవల్ల లాభనష్టాలుంటే ఏమవుతుంది? అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు డోనాల్డ్ కాంప్‌బెల్ 1970లలో దీనిని ఒక సూత్రంగా చెప్పాడు. ఒక అంకెను ఆధారం చేసుకొని ఎంత పెద్ద నిర్ణయాలు చేస్తే, ఆ అంకె అంతగా చెడిపోతుంది. అది కొలవవలసిన పనిని కూడా చెడగొడుతుంది. అక్కడ 2002లో అమలులోకి వచ్చిన చట్టం పరీక్షల మార్కులను బట్టి పాఠశాలలపై చర్యలు తీసుకొనమన్నది. అట్లాంటా నగరంలో 44 పాఠశాలల్లో 178 మంది ఉపాధ్యాయులకు, అధికారులకు మార్కుల మోసంతో సంబంధమున్నదని 2011లో రాష్ట్ర ప్రభుత్వ విచారణ తేల్చినది.

ఆంధ్రదేశంలో కూడా ఈ అనుభవం ఉన్నది. పరీక్షలలో అక్రమాలను నిరోధించటానికి 1997లోనే ఖైదు, జుర్మానాలతో ప్రత్యేక చట్టం వచ్చినది. అయినా 2022లో పదవతరగతి ప్రశ్నపత్రాలు పరీక్ష మొదలయిన కొద్దిసేపటికే సెల్‌ఫోన్లలో బయటికి వచ్చినవి. అరెస్టయినవారిలో ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. ఆ ఏడే, ఫలితాలకు ముందు, పాఠశాలలు ర్యాంకుల ప్రకటనలు చేయరాదని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చినది. శిక్ష దొరికినవానిని భయపెట్టగలదు. కాని బడి పరువు, పంతులు పరువు ఒక్క శాతంపై ఆధారపడినంతకాలం తప్పుదారి పట్టాలనే ఆశ పోదు.

అయితే బడులను అసలు కొలవకుండా వదిలివేయటమే మేలా? కాదు. ఈ రాష్ట్రంలోనే జరిగిన ఒక ప్రయోగం ఇందుకు సాక్ష్యం. 2005లో ప్రారంభించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాలలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీనిని నడిపారు. చీట్లు తీసినట్లుగా ఎంపిక చేసిన కొన్ని బడులలో, పిల్లల మార్కులు సగటున ఎంత పెరిగినవో దానినిబట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇచ్చారు. రెండేళ్ళ తరువాత బోనసు లేని బడులకంటె ఈ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. అనగా వందమందిలో సరిగా నడుమ ఉన్న పిల్లవాడు గణితంలో సుమారు పదిమందిని దాటి ముందుకు వెళ్ళినట్లు. బోనసుతో సంబంధం లేని విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రాలలో కూడా మార్కులు పెరిగినవి. పిల్లల లోపాలను వివరించే నివేదికలు మాత్రమే అందుకున్న బడులలో ఇటువంటి మెరుగుదల కనబడలేదు.

ఇది ప్రాథమిక పాఠశాలలకు సంబంధించినది. ఇందులో ఉన్నది బహుమానమే గాని శిక్ష కాదు. కనుక ఉన్నత పాఠశాలలకు దీనిని యథాతథంగా అన్వయించరాదు. ఐనా ఇందులో గమనింపదగిన విషయాలు రెండు. అక్కడ పరీక్ష పెట్టినవారు ఆ బడి ఉపాధ్యాయులు కారు. లెక్కలోకి తీసుకొన్నది పిల్లలున్న స్థాయి కాదు, సాధించిన పెరుగుదల.

మొదటి విషయం ఎంత ముఖ్యమో తరువాత రాష్ట్రంలోనే 2,400కు పైగా బడులలో జరిగిన మరొక ప్రయోగం తెలిపినది. ఉపాధ్యాయుల పర్యవేక్షణలో కాగితంమీద జరిగిన పరీక్షలు పిల్లల జ్ఞానాన్ని చాలా ఎక్కువచేసి చూపినవి. టాబ్లెట్లపై జరిపిన పరీక్షల ఫలితాలు మాత్రం స్వతంత్రంగా తిరిగి పరీక్షించినపుడు వచ్చిన ఫలితాలకు దగ్గరగా ఉన్నవి.

రెండవ విషయాన్ని డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. కాలువ తల దగ్గర పొలానికి నీరు ముందు అందుతుంది. నాగాయలంక, కృత్తివెన్ను శివారు భూములకు చివరకు చేరుతుంది. దిగుబడి మాత్రమే చూసి శివారు రైతును సోమరి అనటం అన్యాయం. విజయవాడలో ప్రవేశపరీక్ష పెట్టి పిల్లలను ఏరుకొనే బడిని, వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకొనే పల్లె జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాలను ఒకే శాతంతో తూచటం కూడా అటువంటి అన్యాయమే. ఆరవతరగతిలో చేరిననాడు పిల్లవాడు ఎక్కడ ఉన్నాడు, పదవతరగతినాటికి ఎక్కడికి వచ్చాడు అన్నదే బడి చేసిన పని.

కనుక చట్టం చేయవలసినది శిక్షలను పెంచటం కాదు, కొలతను సరిచేయటం. విద్యార్థి ఉత్తీర్ణతను నిర్ణయించే పరీక్ష వేరు, బడిని కొలిచే పరీక్ష వేరు కావాలి. రెండవదానికి ప్రతి విద్యార్థీ రాయనక్కరలేదు. అన్నం ఉడికినదో లేదో తెలియటానికి ఒక్క మెతుకు చాలు. అయితే ఆ మెతుకును ఏరి ఇచ్చేది వండినవాడు కాకూడదు. బడితో సంబంధం లేనివారు ఈ పరీక్ష జరపాలి. ఏటేటా కొన్ని ప్రశ్నలు మారకుండా ఉండాలి; వాటివల్లనే ఈ ఏటి ఫలితాన్ని గత ఏటితో పోల్చటానికి వీలవుతుంది. ఆ ప్రశ్నలు రహస్యంగానూ ఉండాలి. ఫలితం ఎవరినో నిందించటానికి గాక, ఏ బడికి గణిత ఉపాధ్యాయుడు లేడో, ఎక్కడ ప్రయోగశాల తాళం తీయటంలేదో వెదకటానికి ఉపయోగపడాలి.

ఈ మార్పు జరిగేవరకు మార్చి నెల గడవటం ఎట్లా అనేదే బడులలో పెద్ద చింతగా ఉంటుంది. వెనుకబడిన పిల్లవానికి ముఖ్యమైన పది ప్రశ్నలు బట్టీ పట్టిస్తే శాతం పెరుగుతుంది; పాఠం మాత్రం అతనికి రాదు. మరుసటి ఏడు ఇంటర్మీడియేట్‌లో అతడు తప్పినపుడు, ఆ నష్టం ఏ పాఠశాల లెక్కలోకీ రాదు.