నాయకపత్నుల చరిత్రరచన – పుంయోగవిచారము

సంస్కృతవ్యాకరణమున స్త్రీవాచకశబ్దములు రెండుతెఱఁగుల నేర్పడును. స్త్రీ తానే యొక గుణమునో వృత్తినో కలదియైనప్పు డొక రూపము. పురుషుని భార్యయగుటచేతఁ గలిగినది వేఱొక రూపము. ఈ రెండవదానిని శాబ్దికులు పుంయోగ మందురు. తానే వ్యాఖ్యానించి బోధించు నామె 'ఆచార్య'. ఆచార్యుని భార్య 'ఆచార్యాని'. తెనుఁగున నీ భేదము స్ఫుటముగా లేదు. 'రాణి' యన్నచో రాజ్యమేలునదియుఁ గావచ్చును, ఏలువాని యిల్లాలును గావచ్చును. 'దొరసాని' యును నట్టిదే. శబ్దమునందలి యీ యస్పష్టత మన జీవితచరిత్రములలోనికిఁ బ్రాఁకి యర్థమునే చెఱచుచున్నదని నా యభిప్రాయము. దానిని మన సీమతో సంబంధముగల యుదాహరణముచే నిరూపించెదను.

ముందుగాఁ బూర్వులమార్గము చూతము. కాకతీయ రుద్రమదేవి గణపతిదేవుని కూఁతురు. భర్తవలనఁ గాక తండ్రివలన రాజ్యము పొందినది. అయినను శాసనములలో 'రుద్రదేవ మహారాజు' అని పుంలింగమునఁ బేర్కొనఁబడెను. బొబ్బిలి మల్లమ్మ మాటయో? 1757 నాఁటి యుద్ధమును బాడువా రామెను రంగారాయని రాణిగనే కొనియాడుదురు. కోట కూలుటతో నామె కథయు ముగియును. ఒకచో స్త్రీత్వము మఱుఁగుపడెను, ఇంకొకచోఁ గర్తృత్వము మఱుఁగుపడెను. రెండును గలిపి చెప్పు మార్గము మనకు వారు చూపలేదు.

ఇఁక నేఁటికాలపు మాట. నీలమణిదుర్గ వెలసిన పాతపట్నము శ్రీకాకుళముజిల్లాలో, మహేంద్రతనయ యొడ్డున, పర్లాకిమిడికి దాపున నున్నది. 1996లో నచటి యుపయెన్నికలో గెలిచి శాసనసభకు వెళ్లినవారు శ్రీమతి నందమూరి లక్ష్మీపార్వతిగారు. వారు తెలుఁగు అధ్యాపకురాలు. శ్రీ నందమూరి తారక రామారావుగారి జీవితచరిత్రము వ్రాయఁగోరి వారియొద్దకు వచ్చి, 1993లో వారిని వివాహమాడిరి. 1994 డిసెంబరులో రామారావుగారు మరల ముఖ్యమంత్రియైరి. 1995 ఆగస్టులో శాసనసభ్యులలోఁ బెక్కండ్రు శ్రీ నారా చంద్రబాబునాయుఁడుగారి పక్షముఁ జేరఁగా నాయన పదవి కోల్పోయిరి. 1996 జనవరి 18వ తేదిని పరమపదించిరి. పాతపట్నపుటెన్నిక యా యేఁటిదే.

ఈ కథను జెప్పువారు రెండుపక్షములు. ఆమె రాజ్యవ్యవహారములలో జోక్యము చేసికొనుటయే భర్త పతనమునకు హేతువని యొకరు, వృద్ధుఁడైన భర్తను సేవించి కుట్రకు బలియైన సాధ్వియని యింకొకరు. మొదటివారికిఁ గైకేయి కావలెను, రెండవవారికి సావిత్రి కావలెను. నిందాస్తుతులు వేఱైనను వ్యాకరణ మొక్కటియే. రెంటను బ్రధానక్రియ భర్తది. ఆమె దానికిఁ గరణమో హేతువో మాత్రమే. కర్తకు స్వాతంత్ర్యము లక్షణమని పాణిని చెప్పెను. ఆమె తనకుఁ దానుగా నేమి కోరెను, ఏ నిర్ణయమున కెంతవఱకు బాధ్యురాలు, పాతపట్నపుఁ బ్రతినిధిగా నా ప్రజలకొఱ కేమి చేసెను, ఏమి చేయలేకపోయెను – ఈ ప్రశ్నలను వేయువా రరుదు. నిందించువారును బాధ్యతను సరిగా నామెపై నుంచరు, స్తుతించువారును బుద్ధిని సరిగా నామె కీయరు.

2019లో వచ్చిన చలనచిత్రములు దీనికి నిదర్శనములు. రామారావుగారి చరిత్రమైన 'మహానాయకుడు' ప్రథమపత్ని బసవతారకమ్మగారి మరణముతో ముగియును. రెండవవివాహము దాని యెల్లకు వెలుపల నిలిచిపోయినది. దీనిని లోపమనవలెను. కాని లోపించిన ప్రత్యయమునకుఁ గూడఁ గార్య ముండునని శాబ్దికు లెఱుఁగుదురు. అట్లే విడిచిన కథయు విననివారి చెవులలో మ్రోఁగుచునే యుండును. ఆ యేఁటనే వచ్చిన 'లక్ష్మీస్ ఎన్.టి.ఆర్.' పేరున షష్ఠి తలక్రిందై భర్తయే భార్యకు సంబంధి యయ్యెను. వస్తువు మాత్రము రామారావుగారి తుదియేండ్లే. విభక్తి మాఱినది, కర్త మాఱలేదు.

ఎన్నికలో గెలుచుటయే స్వాతంత్ర్యమునకు నిదర్శనము గాదా యని యెవరైన నడుగవచ్చును. వారి పక్షమునకుఁ బెట్టిన పే రెట్టిది? 'ఎన్.టి.ఆర్. తెలుగుదేశం పార్టీ (లక్ష్మీపార్వతి)'. భర్తపేరు ముందు, తనపేరు కుండలీకరణములలో! 1996 లోకసభయెన్నికలలో నా పక్షమున కొక్కస్థానమైనను రాలేదు. పాతపట్నపు టోటరులు గతించిన నాయకుని స్మృతికి ఓటు వేసిరో, ఎదుట నిలిచిన యామెకు వేసిరో, గెలుపొక్కటి చూచి తేల్చుట కష్టము.

ఈ చిక్కు మనకే కాదు. ఆఫ్రికాలోని ఘానాదేశమున నధ్యక్షుఁడు జెరీ రాలింగ్సు భార్య నానా కొనడు అగ్యెమాన్ రాలింగ్సు భర్త యేలుబడిలోనే స్త్రీల యుద్యమమొకదానికి నాయికయై యుండెను. 2011లో భర్త స్థాపించిన పక్షముననే, నాఁటి యధ్యక్షుఁడు జాన్ అట్టా మిల్సుతోఁ బోటీపడి యోడెను. 2012లో వేఱుపక్షము నెలకొల్పెను. 2016లో నధ్యక్షపదవికిఁ బోటీచేయఁగా నూటి కొకటియైన నోట్లు రాలేదు. 2025లో మరణించెను. ఫలమును మాత్రమే చూచువాని కిది వ్యర్థప్రయాసము. కాని యామె తన పక్షమున, తన పిలుపున నోడెను; ఆ యోటమి యామె సొంతము. గెలుపు స్వాతంత్ర్యమునకుఁ బ్రమాణము గాదు; ఓటమి పారతంత్ర్యమునకుఁ బ్రమాణము గాదు. ఎవరి సంకల్పము క్రియను నడపినదో యదియే చూడవలసినది.

ఈ కొలఁతతో లక్ష్మీపార్వతిగారి యుత్తరజీవితమును జూచిన నది వేఱుగాఁ దోఁచును. భర్త స్థాపించిన పక్షమునకుఁ బ్రత్యర్థియైన వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున వారు చేరిరి. 2019లోఁ దెలుగు అకాడమి కధ్యక్షురాలైరి. మొదటిపని కొందఱికి మెచ్చు, కొందఱికి రోఁత. రెండవది ప్రభుత్వ మొసఁగిన పదవియే. అయిన నొకటి భర్త పేరు చూపని త్రోవ, ఇంకొకటి తాను వివాహమునకుఁ బూర్వమే యార్జించిన విద్యకుఁ దగిన పీఠము. మెచ్చినను నిందించినను నిచటఁ గర్త యామెయే.

ఒకరి చరిత్రము వ్రాయఁబూనిన యామె, తన చరిత్రమున నొకరికి విశేషణమై నిలిచిపోవుట న్యాయము గాదు. శ్రీకాకుళ విజయనగరసీమల యువరచయితలు పాతపట్నమునకుఁ బోయి, నాఁ డోటువేసినవారిలో బ్రతికియున్నవారి నడుగవలెను. శాసనసభాచర్చల నివేదికలను విప్పి చూడవలెను. తేలినది దోషమైన దోషమే వ్రాయుఁడు, గుణమైన గుణమే వ్రాయుఁడు. దానిని భర్త లెక్కలో మాత్రము జమకట్టకుఁడు.