చోకు

విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక టింకరింగ్ మేస్త్రీ గారి జేబులో ఎప్పుడూ అయస్కాంతం ముక్క ఉంటుంది. పాత రేడియో స్పీకరులోంచి ఊడదీసింది. షెడ్డుకి ఏ ముసలి కారు వచ్చినా ముందు దాన్ని తలుపు మీదా మడ్‌గార్డు మీదా ఆనిస్తారు. టక్కున అతుక్కుంటే రేకు, జారిపోతే పుట్టీ. మా స్నేహితుడి ప్రీమియర్ పద్మినికి కుడివైపు మూడుచోట్ల జారింది. "రేకు ఎప్పుడో పోయిందండీ, బండి పుట్టీ మీద బతికేస్తోంది," అన్నారాయన.

తుప్పు తిన్న భాగం కోసి, కొత్త రేకు వెల్డింగు చేసి, సుత్తితో వంపు తెప్పించడానికే నెలలు పట్టింది. ఆపైన పల్చగా పుట్టీ, నీళ్లు చల్లుతూ ఎమరీ కాగితం, మళ్లీ పుట్టీ, మళ్లీ కాగితం. నునుపు తేలిందో లేదో చూడటానికి ఆయన కళ్లను నమ్మరు. అరచేతి కింద పల్చటి గుడ్డ వేసుకుని తలుపు ఈ చివర నుంచి ఆ చివరకు నిమురుతారు. ఒకచోట చెయ్యి ఆగింది. నేనూ తడిమాను, నాకేమీ తెలియలేదు. "ఇప్పుడు తెలీదండీ. రంగు పడ్డాక ట్యూబులైటు నీడ ఇక్కడ వంకర తిరుగుద్ది," అని మళ్లీ కాగితం అందుకున్నారు.

పనేమీ లేకపోయినా ప్రతి ఆదివారం నేనక్కడికి వెళ్లడానికి కారణముంది. మా ఇంటికొచ్చిన మొదటి కారూ పద్మినే. కొత్తది బుక్ చేసి ఏళ్ల తరబడి కాచుక్కూర్చునే ఓపికా డబ్బూ లేక నాన్న సెకండ్‌హ్యాండ్‌ది కొన్నారు. ఇటలీ ఫియట్ 1100ని బొంబాయి కుర్లాలో తయారుచేస్తూ డిలైట్ అన్నారు, ప్రెసిడెంట్ అన్నారు, 1974 నుంచి పద్మిని అన్నారు. మా వీధిలో మాత్రం అది చివరిదాకా ఫియట్టు కారే. 1089 సీసీ ఇంజను. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండటం వల్ల, ముందుది బెంచీ సీటు కావడం వల్ల నాన్న పక్కన అమ్మా, నేనూ, నా ఒళ్లో చెల్లీ. వెనక ఎంతమందో లెక్కపెట్టే అలవాటు అప్పుడు లేదు.

వేసవిలో ఏలూరు వెళ్తే హనుమాన్ జంక్షన్ దగ్గర ఆగడం ఖాయం. ఇంజను వేడికి పంపులో పెట్రోలు ఆవిరై దారికి అడ్డం పడేది. అప్పటి కార్బొరేటర్ బళ్లన్నిటికీ ఉన్న జబ్బే అది. నాన్న సోడా కొట్టులో నీళ్లడిగి, అమ్మ ఇచ్చిన తువ్వాలు తడిపి పంపు మీద కప్పేవారు. జ్వరం వచ్చిన పిల్లాడికి వేసినట్టే. పది నిమిషాలు. ఈలోగా మాకు తలో గోళీసోడా. ఆ జబ్బు మీద నాకేమీ కోపం లేదు.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాని మీదే. చలికాలం పొద్దున్నే చోకు లాగితే గాలి తగ్గి పెట్రోలు చిక్కబడుతుంది, ఇంజను అందుకుంటుంది. కాస్త వేడెక్కగానే లోపలికి నెట్టాలి. నేను నెట్టేవాణ్ని కాదు. నాన్న డాష్‌బోర్డు మీద కొట్టి మరీ, "చోకురా, చోకు!" అని అరిచేవారు.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూశాను. లోపల సింహాసనం లాంటి సీటు. అద్భుతమే, కాదనను. కానీ ఆ అద్దానికి ముఖం ఆనించి చూసినప్పుడు నాకు గుర్తొచ్చిన మనిషి ఒక్కరూ లేరు.

మా స్నేహితుడికి మొదట్లో వేరే ఊహ ఉండేది. పైకి పద్మిని, లోపల కొత్త ఇంజను, ఏసీ, పవర్ స్టీరింగ్. అలా చేయించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. నా దృష్టిలో అది వేషం కట్టిన కొత్త కారు. పాత కారును బాగు చేయడమంటే దాని చాదస్తాలు కూడా తిరిగి తేవాలి కదా. నా మాట విన్నాడో, ఖర్చు చూసి జడిశాడో, పాత ఇంజనే విప్పించి మళ్లీ బిగించాడు. బండి 1974 మోడలు. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటినవాటికి 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు గానీ, తీసుకుంటే ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజూ తిప్పకూడదు. "రైతుబజారుకి వెళ్లలేని కారు నాకెందుకురా?" అని వద్దనుకున్నాడు.

మొన్న ఆదివారం రంగుతో సహా పూర్తయింది. పావురం రంగు. బంపర్ల మీద కొత్త క్రోమ్ పూత. నిజం చెప్పాలంటే లోపల వాసన నచ్చలేదు. కొత్త రెగ్జిన్, కొత్త రంగు. మా కారులో పెట్రోలూ మల్లెపూలూ కలిసిన వాసన ఉండేది. మా వాడు తాళాలు నా చేతిలో పెట్టాడు. ఇరవై ఏళ్లుగా గేరు కోసం కిందికి వెళ్లిన ఎడమ చెయ్యి, ఎవరూ చెప్పకుండానే స్టీరింగ్ పక్కకు వెళ్లింది. మొదటి గేరు, రెండో గేరు. నాకు మహా గర్వంగా ఉంది. రెండు వీధులు దాటేసరికి బండి ఎగిరెగిరి పడుతోంది, అద్దంలో వెనకంతా నల్ల పొగ. ఆ పొగలోంచి స్కూటర్ మీద మేస్త్రీ గారు, ఒక చెయ్యి పైకెత్తి అరుస్తూ వస్తున్నారు.

"చోకండీ, చోకు!"