రంగు వజ్రానికి ఊరి పేరు

ఆత్మకూరు వైపు పెళ్లి కుదిరితే నగల బేరానికి చాలామంది నెల్లూరు బయల్దేరతారు. కొట్లో రవ్వల కమ్మలు చేతికిచ్చినప్పుడు ఇంటి పెద్దావిడ ముందు చూసేది తెలుపు. రాయిలో కాస్త పసుపు ఛాయ కనబడితే పక్కన పెట్టేస్తుంది. ఆమె చూపు సరైనదే. ప్రపంచమంతా ఒప్పుకున్న జీఐఏ (అమెరికా రత్నశాస్త్ర సంస్థ) కొలమానం కూడా అదే చెబుతుంది: ‘డి’ దగ్గర మొదలుపెట్టి ‘జెడ్’ దాకా పసుపు పెరిగేకొద్దీ ధర దిగుతుంది. జెడ్ దాటాక మాత్రం లెక్క తలకిందులవుతుంది. అక్కడి నుంచి ఆ రంగే రాయికి విలువ తెస్తుంది. దాన్ని ‘ఫ్యాన్సీ’ అంటారు, రంగు చిక్కనయ్యేకొద్దీ ధర పైకి పోతుంది.

వజ్రమంటే కర్బనం. దానిలోకి నత్రజని చేరితే పసుపు, బోరాన్ చేరితే నీలం. లక్షల ఏళ్లు సహజ రేడియోధార్మికత తగిలితే ఆకుపచ్చ. గులాబీ వజ్రం కథ వేరు. అందులో పరాయి పదార్థమేదీ చేరక్కర్లేదు. భూమి లోతుల్లో ఒత్తిడికి స్ఫటికం లోపలి అమరిక వంగిపోయి ఆ రంగు పుడుతుంది. ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గని ఇలాంటి గులాబీ రాళ్లను ప్రపంచానికి ఎక్కువగా అందించింది. అదీ 2020 నవంబరులో మూతపడింది.

అంతకు చాలాముందే, ఈ రంగుల్లో పేరుమోసిన రాళ్లు మన నేల నుంచి వెళ్లాయి. కృష్ణ ఒడ్డున, పల్నాటి వైపున్న కొల్లూరు గనులను ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పదిహేడో శతాబ్దంలో చూశాడు. అక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. ఆయన మన దేశంలో కొని తీసుకెళ్లిన నీలి వజ్రాన్ని 1668లో ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. అది కొల్లూరుదేనని చరిత్రకారుల అంచనా. గులాబీ ఛాయ ఉన్న దర్యా-ఇ-నూర్‌ను 1739లో నాదిర్షా ఢిల్లీ నుంచి పట్టుకుపోయాడు, నేడది టెహ్రాన్‌లో ఉంది. ఇక ప్రిన్సీ 34.65 క్యారెట్ల గులాబీ రాయి, ఒకప్పుడు నిజాముల సొత్తు. 1960లో లండన్ వేలంలో 46 వేల పౌండ్లు పలికింది. 2013లో న్యూయార్క్‌లో అదే రాయి సుమారు 3.93 కోట్ల డాలర్లకు పోయింది.

పేర్లు గమనించండి. టావెర్నియే అమ్మిన నీలి వజ్రానికి నేటి పేరు హోప్, అది ఒక బ్యాంకింగ్ కుటుంబం ఇంటిపేరు. మరో నీలి వజ్రం విటెల్స్‌బాఖ్ పేరు బవేరియా రాజవంశానిది, ప్రిన్సీ బరోడా రాకుమారుడి ముద్దుపేరు. సంపన్నుల ఇళ్ల పేర్లు నిలిచాయి. తవ్విన ఊరి పేరు వీటిలో ఒక్క రాయికీ లేదు. కొల్లూరు సైతం పులిచింతల జలాశయంలో మునిగిపోయింది.

సేకరణ మీద మనసున్న వాళ్లకు ఈ లోటు చిన్నది కాదు. సానపట్టిన వజ్రాన్ని ఎంత గొప్ప ప్రయోగశాలకు పంపినా అది ఏ గనిదో రాయిని బట్టి తేల్చి చెప్పలేరు. వేలం పుస్తకాల్లో ‘గోల్కొండ’ అని కనబడినా చాలాసార్లు అది రాయి స్వచ్ఛతను, తరగతిని చెప్పే మాటే తప్ప గనికి సాక్ష్యం కాదు. సాక్ష్యం కాగితం మీద ఉండాలి. లేకపోతే పోయినట్టే.

హోప్ విషయంలో అలాంటి సాక్ష్యం ఎంత పనిచేసిందో చూడాలి. లూయీ కొన్న రాయిని 1673లో మళ్లీ చెక్కించాడు. 1792లో ఫ్రెంచి విప్లవం నడుస్తుండగా దాన్ని దొంగలు ఎత్తుకుపోయారు. సరిగ్గా ఇరవై ఏళ్లు దాటగానే, 1812 సెప్టెంబరులో, లండన్‌లో ఒక నగల వర్తకుడి రాతలో చిన్నదైన నీలి వజ్రమొకటి తేలింది. రెండూ ఒకటేనా అన్న అనుమానం చాలాకాలం నలిగింది. 2007లో ప్యారిస్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియం భోషాణాల్లో సీసంతో పోసిన పాత నకలు దొరికింది. అది పోయిన ఫ్రెంచి నీలి వజ్రానిది. హోప్ ఆ ఆకారంలో సరిగ్గా ఇమిడింది. ఎవరో ఒకరు అచ్చు పోసి ఉంచారు కనుక, 45.52 క్యారెట్ల ఆ రాయి నేడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌లో తన వంశవృక్షంతో సహా ఉంది.

దీనికి పూర్తి విరుద్ధం విటెల్స్‌బాఖ్. 2008లో లండన్ వర్తకుడు లారెన్స్ గ్రాఫ్ ఆ నీలి వజ్రాన్ని కొని మళ్లీ సానపట్టించాడు. 35.56 క్యారెట్లు 31.06కి దిగాయి. రంగు మెరుగైంది, చిన్న గాట్లు పోయాయి, ధర పెరిగింది. కానీ మొదటి సానకారుడి చేతిపని శాశ్వతంగా పోయింది. ఆ నాలుగున్నర క్యారెట్లు అరగదీయడం తప్పు. రాజుల కాలంలో అది రివాజేమో, ఇప్పటి సేకరణకర్తకు ఆ హక్కు లేదు.

రాసిపెట్టే అలవాటు మనకు కొత్తదేమీ కాదు. 1514లో కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి గజపతుల చేతిలోంచి ఉదయగిరి దుర్గం గెలిచాడు. తిరిగి వెళుతూ అదే ఏడు జూలై 6న తిరుమలలో ముప్పై వేల బంగారు నాణేలతో శ్రీవారికి కనకాభిషేకం చేశాడు. మూడుపేటల హారం, రత్నాల కడియాల జత కానుకిచ్చాడు. ఎవరిచ్చారు, ఏ రోజు, ఏ నగ అన్నదంతా శాసనంలో ఉంది.  ఉదయగిరి పతనం తేదీ తెలియని పిల్లవాడికైనా ఈ శాసనం గురించి చెప్పి తీరాలి. అయితే శాసనం కూడా నగ పేరు దగ్గరే ఆగింది, రాళ్లు ఎక్కడివో చెప్పలేదు. రాయలసీమ గనుల నుంచి వచ్చే పెద్ద రాళ్లు రాజు ఖజానాకే చేరేవి. ఇరవై మంజాడుల తూకం దాటిన ప్రతి వజ్రమూ రాజుదేనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు.

సోమశిల మీదుగా ఆత్మకూరు పక్కన పారే పెన్నకూ వజ్రాలతో చుట్టరికం ఉంది. పైన కడప దగ్గర చెన్నూరులో ఆ నది ఒడ్డు గులకరాళ్లలోనే ఒకప్పుడు వజ్రాలు తవ్వేవారు. ఇంకా పడమరకు వెళితే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, అనంతపురం జిల్లా వజ్రకరూరు. తొలకరి పడగానే అక్కడి చేలల్లో జనం నేల మీద కళ్లు పెట్టి తిరుగుతారు. వాన మట్టిని కడిగేస్తే రాయి పైకి తేలుతుందని వాళ్ల ఆశ, అప్పుడప్పుడూ దొరుకుతుంది కూడా. దొరికిన రాయి గుట్టుగా స్థానిక వర్తకుడి చేతికి, అటునుంచి దూరపు నగరాలకు వెళ్లిపోతుంది. ఏ ఊరి పొలంలో, ఏ మట్టిలో దొరికిందన్నది ఎక్కడా ఎక్కదు.

నిజాం నగల్లో 173 వస్తువులను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొంది. అవి ఎక్కువకాలం రిజర్వు బ్యాంకు ఖజానాలోనే గడుపుతున్నా, 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో జనం ముందుకొచ్చాయి. ఉన్నవాటిని చూపించడం ఒక పని. రేపు దొరకబోయే వాటికి పుట్టుక రాసిపెట్టడం రెండోది, దానికి కోట్లు అక్కర్లేదు. ఊరి పేరు, పొలం సర్వే నంబరు, దొరికిన తేదీ, సానకు వెళ్లకముందు బరువు, నాలుగు వైపులా తీసిన ఫోటోలు. ఈపాటి చీటీ రాయితో పాటు చేతులు మారే ఆనవాయితీని కొనే వర్తకులే మొదలుపెట్టవచ్చు. రైతు పేరు రాయకపోయినా ఫర్వాలేదు, ఊరి పేరు రాస్తే చాలు.