ఒకే గ్రంథము, వేర్వేరు పఠనములు: 'అంటరాని వసంతం' సామూహిక పఠనముపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

ఒక విశ్వవిద్యాలయములోని వారందరు ఒకే సంవత్సరములో ఒకే పుస్తకమును చదివి, దాని చుట్టు ఉపన్యాసములు, నాటకములు, ప్రదర్శనలు, చర్చలు ఏర్పాటు చేసికొను పద్ధతి అమెరికాలో చాలా చోట్ల స్థిరపడినది. 1998లో సియాటిల్ నగర గ్రంథాలయము పట్టణమంతయు ఒకే నవలను చదువవలెనని పిలుపునిచ్చినది. ఇట్టి ప్రయత్నమే అక్కడి విద్యాలయములలో క్రొత్తగా చేరిన విద్యార్థులందరు ఒకే గ్రంథమును చదువుట అను రూపము దాల్చినది. మన విశ్వవిద్యాలయములలో దీనికి దగ్గరగా నున్నది ఉపవాచకము. డిగ్రీ విద్యార్థులందరికి ఒకే నవలను నిర్ణయించుట మనకు క్రొత్త కాదు. అయితే మనవారు దానిని పరీక్ష కొరకు, తరచుగా గైడు ద్వారా చదువుదురు.

చరిత్ర నవలను ప్రాంగణమంతయు కలిసి చదువుట మంచిదే. కాని పుస్తకము ఒకటైనంత మాత్రమున పఠనము ఒకటగునా? కాదని మా అభిప్రాయము. ఆ నవల ఎవరి చరిత్రయో వారు పాఠకులుగా మాటలాడగలిగినప్పుడే సామూహిక పఠనము నిజమగును. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' ఆధారముగా, నందవరం ప్రాంతపు విద్యార్థిని దృష్టిలో నుంచుకొని ఈ సంగతిని పరిశీలింతము.

1. ఏ గతమును చదువుచున్నాము?

తెలుగు చరిత్ర నవల అనగానే అడివి బాపిరాజు 'హిమబిందు', 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి' మనస్సునకు వచ్చును. శాతవాహనులు, కాకతీయులు, కోటలు, యుద్ధములు. వీటి విలువను మేము తక్కువ చేయుట లేదు. కాని ఈ గతమును ఉత్సవముగా జరుపుకొనుట సులభము. వేషములు వేయవచ్చును, జయజయధ్వానములు చేయవచ్చును. ఎవరికిని నొప్పి కలుగదు.

నొప్పి కలిగించు పుస్తకము పాఠ్యగ్రంథమైనప్పుడు ఏమి జరుగునో 'మాలపల్లి' చెప్పును. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో వ్రాసిన ఈ నవల 1922లో వెలువడగా మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. ఆంధ్ర విశ్వవిద్యాలయము దానిని పాఠ్యగ్రంథముగా నిర్ణయించిన తరువాత 1936లో మరల నిషేధము వచ్చినది. 1937లో రాజాజీ మంత్రివర్గ కాలమున అది తొలగినది. ఒక నవలను ఇంటిలో ఒంటరిగా చదువుట కంటె తరగతిలో అందరు కలిసి చదువుటయే పాలకులకు ఎక్కువ భయము కలిగించినట్లు దీనివలన తెలియుచున్నది.

2. నవలలోని కరువు, కాలువ, బాప్తిస్మము

'అంటరాని వసంతం' 2000లో వెలువడినది. అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ చేసిన ఆంగ్లానువాదము 2010లో వచ్చిన పిమ్మట అనేక తరగతి గదులలో ప్రవేశించినది. రూతు అను వృద్ధురాలి జ్ఞాపకములుగా కథ నడచును. ఎన్నెలదిన్ని మాలపల్లెలో పుట్టిన ఎల్లన్న పాటలు కట్టినవాడు, వీధినాటకములు ఆడినవాడు. అతని భార్య సుభద్ర. వారి కుమారుడు శివయ్య, కోడలు శశిరేఖ కరువునకు తాళలేక ఊరు విడుతురు. కాలువ పని దగ్గరను కులము వారిని అడ్డగించును. మార్టిన్ అను క్రైస్తవుడు ఆదుకొనును. శివయ్య సైమన్ అగును. వారి కుమారుడు రూబేను, అతని భార్య రూతు. తరువాతి తరములు విప్లవోద్యమము వైపు నడచును.

సంఘ చరిత్ర చదివినవారికి ఇది పరిచితమైన కాలమే. 1876–78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనెరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. సహాయము సాగినంత కాలము బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన పాఠములలో ఈ సంఖ్య ఉన్నది. ఆ 2,222 మంది ఏ పల్లె నుండి, ఏ పాట పాడుకొనుచు వచ్చిరో లేదు. ఆ ఖాళీని నవల పూరించుచున్నది. మిషను నివేదికలో సంఖ్యగా నున్నవారికి తాత, అమ్మమ్మ, వృత్తి, కళ, హాస్యము కలవని చూపుటయే దీని గొప్పతనము. క్రీస్తును గూర్చి వినక ముందు వారికి చరిత్ర లేదన్నట్లు బోధించు అలవాటును ఇది ఖండించుచున్నది.

3. నందవరం పాఠకుడు

ఎమ్మిగనూరు, మంత్రాలయముల నడుమ నున్న నందవరం ప్రాంతము నుండి డిగ్రీ చదువునకు విద్యార్థులు ఎమ్మిగనూరు, ఆదోని, కర్నూలు వెళ్లుదురు. 1876–78 కరువు అధికముగా పీడించిన జిల్లాలలో బళ్లారి, కర్నూలు ఉన్నవి. 1953 వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే. అనగా నవలలోని కరువు ఈ నేల మీదను నడచినదే.

అది పూర్తిగా గతము కాదు కూడ. తుంగభద్ర ప్రక్కనే పారుచున్నను, దిగువ కాలువ ఉన్నను, వర్షాధారపు చేలవారు పంటలైన పిమ్మట సుగ్గికి పోవుచున్నారు. గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ ప్రత్తి తీతకు కుటుంబములు మూటలు కట్టుకొని బయలుదేరును. వెనుక మిగిలిన పిల్లల కొరకు సీజనల్ హాస్టళ్లు నడుపవలసి వచ్చినది. శివయ్య, శశిరేఖ ఊరు విడుచు ఘట్టమును నగర విద్యార్థి చరిత్రగా చదువును. సుగ్గికి పోయి వచ్చిన ఇంటి విద్యార్థి దానిని తన తల్లి ప్రయాణముగా చదువును. పుట ఒకటే, పఠనములు రెండు.

అయితే ఈ రెండవ విద్యార్థి చర్చలో నోరు విప్పునా? ఇక్కడ నిర్వాహకులు గ్రహింపవలసిన చిక్కు ఒకటి కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో క్రైస్తవులైన దళితులు బి.సి.–సి వర్గమునకు చెందుదురు. దాని రిజర్వేషను ఒక్క శాతము. కావున ఆదివారము ఆరాధనకు పోవు ఇంటి బిడ్డ చేతిలోని ధ్రువపత్రము వేరొక మాట చెప్పవచ్చును. "ఈ నవల మీ ఇంటి కథయేనా?" అని అధ్యాపకుడు సభలో ప్రేమతోనే అడిగినను, ఔనని చెప్పుట ఆ బిడ్డకు సీటు, ఉపకారవేతనము, ఉద్యోగము గూర్చిన భయముతో కూడిన పని. ఆ మౌనమును అజ్ఞానమనియు, సిగ్గనియు ఎంచుట అన్యాయము. సాక్ష్యము బలవంతముగా తీసికొనరాదు.

4. సంఘము చదువబడుట

ఈ నవల మిషనును, సంఘమును ప్రశ్నించుచున్నది. బాప్తిస్మము పొందినంతనే అంటరానితనము పోవలేదని, సంఘములోనికి కులము ప్రవేశించినదని చూపుచున్నది. ఇట్టి పుస్తకము ప్రాంగణములో అందరి చేతికి వచ్చినప్పుడు మన ప్రతిస్పందన ఏమి?

2002లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయము క్రొత్త విద్యార్థులందరికి ఖురాను పరిచయ గ్రంథమును నిర్ణయింపగా న్యాయస్థానమునకు వెళ్లినది ఒక క్రైస్తవ సంస్థయే. న్యాయస్థానము కార్యక్రమమును ఆపలేదు. చదువుటకు ఇష్టపడనివారు తమ కారణమును ఒక పుటలో వ్రాయవచ్చునని విశ్వవిద్యాలయము అవకాశమిచ్చినది. ఇది మంచి పద్ధతి. అభ్యంతరము కూడ చర్చలో భాగమైనది.

యా గ్యాసీ 2016లో ప్రచురించిన 'హోంగోయింగ్' కూడ ప్రాంగణ పఠనములకు ఎన్నికైన చరిత్ర నవల. బానిస వ్యాపారము చీల్చిన ఒక వంశపు తరముల కథ. అందులో అబెనా అను స్త్రీ బలవంతపు బాప్తిస్మములో మిషనెరీ చేతులలోనే మరణించును. కళ్యాణరావు మిషనెరీ చిత్రణ అంత కఠినము కాదు. అక్కడ మార్టిన్ వంటి వాడున్నాడు. ఇతరుల నవలలో మిషనెరీ తప్పును చదివి తల ఊపు మనము, మన నవలలోని మాటకు కోపగించుకొనుట న్యాయము కాదు.

విమర్శ లేకుండ అంగీకరింపవలెనని మేము చెప్పుట లేదు. నవలలో విశ్వాసము ఒక మజిలీగా కనబడుచున్నది. ఆకలి నుండి సంఘమునకు, సంఘము నుండి పోరాటమునకు అను సరళ రేఖలో తరములు కదలును. విరసం నాయకుడైన రచయితకు అది సహజమైన ముగింపు. కాని ప్రార్థన కూటములో మోకరించు మన పల్లె స్త్రీకి విశ్వాసము దాటివేయవలసిన మెట్టు కాదు. అది ఆమె నిలబడిన నేల. రూతు జ్ఞాపకమే ఈ నవలను మోయుచున్నను, చివరకు ఆ జ్ఞాపకము రచయిత నిర్ణయమునకు సాక్ష్యముగా మిగులుచున్నది. ఈ మాట సంఘము చెప్పవలసినదే. అయితే సభకు వచ్చి, పుస్తకము చదివి, తన మీది ఆరోపణను విన్న పిమ్మట చెప్పవలెను.

5. నెహెమ్యా 8 చూపు మాదిరి

సామూహిక పఠనమునకు లేఖనములలో స్పష్టమైన మాదిరి నెహెమ్యా 8వ అధ్యాయము. పఠనము దేవాలయములో కాక నీటి గుమ్మము ఎదుటి మైదానములో జరిగినది. పురుషులు, స్త్రీలు, గ్రహింపగలవారందరు వినిరి. లేవీయులు అర్థము వివరించిరి. జనులు ఏడ్చిరి. తుదకు ఏమియు లేనివారికి వంతులు పంపిరి. మన ప్రాంగణ సభలలో శాలువా, జ్ఞాపిక, ఛాయాచిత్రము, ధ్రువపత్రము ఉండును. మైదానము, వివరణ, కన్నీరు, వంతులు అరుదు.

కావున మా సూచనలు నాలుగు. నవలలోని కొన్ని భాగములను బిగ్గరగా చదివించి, చదువురాని తల్లిదండ్రులును వినునట్లు సభను పల్లెకు కూడ తీసికొని పోవలెను. సుగ్గికి పోవు కాలమున గాక, కుటుంబములు ఇంట నున్నప్పుడు దానిని జరుపవలెను. విద్యార్థులు కరువు, వలస, మొదటి బాప్తిస్మములను గూర్చి పెద్దల నోటి మాటలను పేర్లు బయలుపరచకుండ సేకరింపవలెను. వేదాంత కళాశాల విద్యార్థులు, విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒకే బల్ల చుట్టు కూర్చుండి వాదింపవలెను.

ముగింపు

చరిత్ర నవలను కలిసి చదువుట వలన గాయము మానునని మేము వాగ్దానము చేయలేము. ఒకే పుట ఒకనికి పాఠము, మరియొకనికి జ్ఞాపకము అని ఇద్దరు ఎదురెదురుగా తెలిసికొందురు. అది చాలును. తన తాత పేరు నివేదికలో సంఖ్యగా మిగిలిన బిడ్డ, ఇష్టమైతే మాటలాడుటకు, ఇష్టము లేకున్న మౌనముగా కూర్చుండుటకు భయము లేని స్థలమును ప్రాంగణము ఏర్పరచవలెను. ఆ స్థలమును కాపాడుట సంఘము పని కూడ.